పాత ఆయాసం ఉన్నవారిలో గుండె మీద భారం పడుతోందేమో ఇంట్లో ఎలా గమనించాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో కట్టెపొయ్యి ముందు, చుట్టపొగలో బతికిన పెద్దవాళ్లకు ఆయాసం కొత్త కాదు కనుక, దాని చాటున గుండె దెబ్బతింటున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు తగ్గితే అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయి. వాటిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె కుడిభాగం ఉబ్బి బలహీనపడుతుంది. ఒంట్లో నిలిచిపోయిన రక్తం వల్ల కాళ్లకు నీరు దిగుతుంది. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న మా అమ్మను ఏళ్ల తరబడి చూసుకున్నాను కాబట్టి ఈ పద్ధతి చెబుతున్నాను.

బరువు చూసే మిషను, రక్తంలో ప్రాణవాయువు శాతం చూపేందుకు వేలికి పెట్టే ఆక్సీమీటరు, గోడ క్యాలెండరు ఉంటే చాలు. ఫోనులో రాసుకోవద్దు, గోడ మీద ఉన్నది ఇంటిల్లిపాదికీ కనబడుతుంది. పొద్దున్న మూత్రానికి వెళ్లివచ్చాక, టీకి ముందే బరువు చూసి ఆనాటి గడిలో వేయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, నీరు.

అందరూ తప్పు చేసేది కాలు నొక్కి చూడడంలోనే. సాయంత్రం, బస్సులో కాళ్లు వేలాడేసుకుని వచ్చాక చూస్తే ఎవరికైనా కాస్త వాపు కనబడుతుంది. అందుకే మంచం దిగకముందే చూడాలి. మెత్తటి పిక్కను నొక్కి ఏమీ లేదనుకోవడం మరో పొరపాటు. చీలమండకు నాలుగు వేళ్ల పైన, చర్మం కింద నేరుగా ఎముక తగిలేచోట బొటనవేలు ఆనించి, మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా నిదానంగా నొక్కి తీయండి. సొట్ట పడి వెంటనే పూడకపోతే నీరు ఉన్నట్టే.

రెండు కాళ్లూ చూడాలి. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు కనుక ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మంచం పట్టినవారికి నీరు నడుము కింద చేరుతుంది కాబట్టి అక్కడ కూడా నొక్కాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా కాళ్లు వాస్తాయి. అలాగని దాన్ని సొంతంగా మానేయకూడదు. పొరుగువారి దగ్గరున్న నీరు తీసే మాత్ర తెచ్చి వేయడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

ఆక్సీమీటరును వెచ్చని వేలికి, గోళ్లరంగు లేకుండా పెట్టండి. ఇంట్లో ఆక్సిజన్ ఉన్న సీఓపీడీ (పొగ వంటివాటి వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని వచ్చే పాత ఆయాసం) రోగికి అంకె 98 చేరాలని ధార పెంచేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. డాక్టరు వేరే చెప్పకపోతే వీరికి 88 నుంచి 92 మధ్య చాలు. అతిగా ఇస్తే బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తులోకి జారిపోతారు. పెదవులు నీలిరంగుకు తిరిగినా, మాట తడబడినా, లేపినా సరిగా లేవకపోయినా 108కి ఫోను చేయండి.

వాపు గానీ బరువు గానీ పెరుగుతూ ఉంటే ఎకో (గుండె స్కానింగు) తీయించాలి. బరంపురం వెళ్లినా, శ్రీకాకుళం వెళ్లినా ఆ నెల క్యాలెండరు కాగితం చింపి వెంట తీసుకెళ్లండి, వాడే మాత్రల అట్టలు కూడా మరవవద్దు.