చిట్టెలుక పిండంలో మెదడు, వెన్నుపాము: ఏ రోజు ఏం చూడాలి, ఎలా చూడాలి

చిట్టెలుక కడుపులో పిల్ల పెరిగేదే మొత్తం 19, 20 రోజులు. అందులో మెదడుకీ వెన్నుపాముకీ పునాది పడేది రెండే రెండు రోజుల్లో, కాబట్టి ఇక్కడ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు యాంటీబాడీ పనిచేస్తుందా లేదా అని పడే టెన్షన్‌లో సగం పిండం వయసు సరిగ్గా కట్టడం మీద పెడితే, తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు అసలు రావు.

ఆడ, మగ ఎలుకల్ని సాయంత్రం ఒకే కేజ్‌లో వదిలి, మర్నాడు పొద్దున్నే ఆడ ఎలుక యోనిలో ప్లగ్ (కలయిక తర్వాత గట్టిపడే వీర్యపు ముద్ద) ఉందో లేదో చూడండి. పొద్దెక్కితే రాలిపోతుంది, అందుకే 9 గంటల్లోపు చూసేయడం మంచిది. కలయిక నడిరాత్రి జరిగిందనుకుని, ప్లగ్ కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5వ రోజు అంటారు. ర్యాట్‌లతో (పెద్ద ఎలుకలతో) పనిచేసేవాళ్లు ప్లగ్‌ని నమ్ముకోకుండా యోని నుంచి స్మియర్ (గాజు పలక మీద పూసే నమూనా) తీసి, వీర్యకణాలు ఉన్నాయేమో మైక్రోస్కోప్ కింద చూడాలి. ర్యాట్ గర్భం 21 నుంచి 23 రోజులు, అదే దశ మౌస్ (చిట్టెలుక) కంటే ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. పైగా వీర్యకణాలు కనిపించిన రోజుని కొందరు 0 అంటారు, కొందరు 1 అంటారు. పేపర్‌లో మెథడ్స్ భాగం చదవకుండా రోజులు పోల్చేస్తే మొత్తం తారుమారవుతుంది. ఇక మన దేశంలో ఈ పని చేసేవాళ్లు, ఎలుకల్ని జత కట్టించడానికి ముందే సంస్థలోని యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉంచుకోవాలి.

ప్లగ్ లెక్క ఒక అంచనా మాత్రమే. ఒకే తల్లి కడుపులోని పిండాల మధ్యే చాలా గంటల తేడా ఉంటుంది. అందుకే పిండాన్ని చల్లటి పీబీఎస్‌లో (ఉప్పు కలిసిన బఫర్ ద్రావణంలో) బయటికి తీయగానే స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టి సోమైట్లు లెక్కపెట్టండి. ఇవి వెన్ను పొడవునా రెండు వైపులా జతలుగా ఏర్పడే దిమ్మలు, సుమారు రెండు గంటలకో జత కొత్తగా చేరుతుంది. 8.5వ రోజున పది అటూ ఇటూ, 9.5కి 21 నుంచి 29, 10.5కి 35 దాటతాయి. నోట్‌బుక్‌లో రోజుతో పాటు ఈ అంకె కూడా ప్రతి పిండానికీ విడిగా రాసుకోండి. ఇంకా పెద్ద పిండాలకైతే కాళ్లు చూడాలి: 12.5కి ముందు పాదంలో వేళ్ల గీతలు కనిపిస్తాయి, 14.5కి ముందు కాలి వేళ్లు విడిపడి ఉంటాయి, 16.5కి కనురెప్పలు మూసుకుని ఉంటాయి.

7.5వ రోజుకి పిండం మీద ఉండేది న్యూరల్ ప్లేట్, అంటే ఒక చదునైన పొర. దాని అంచులు విస్తరాకుని దొప్ప కుట్టేటప్పుడు లేచినట్టు పైకి లేచి, మధ్యలో కలిసి గొట్టమవుతాయి. అదే న్యూరల్ ట్యూబ్, దాని ముందు భాగం మెదడవుతుంది, మిగతాది వెన్నుపాము. మొదటిసారి చూసేవాళ్లని తికమక పెట్టేది మౌస్ పిండం భంగిమ. 8.5 దాకా అది వీపు లోపలికి వంగి ఉంటుంది, తర్వాతి కొన్ని గంటల్లో పక్కకి తిరిగి మనకు అలవాటైన ఆకారంలోకి ముడుచుకుంటుంది. తిరగకముందు పిండాన్ని, తిరిగినదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి.

గొట్టం జిప్‌లాగా ఒక చివర నుంచి మూసుకుంటూ పోదు. 8.5వ రోజు సమయానికి, ఆరేడు సోమైట్లు ఉన్నప్పుడు, మెదడు వెనక భాగం మెడతో కలిసే చోట మొదటి అతుకు పడుతుంది. తర్వాత ముందు మెదడు, మధ్య మెదడు కలిసే చోట ఒకటి, తల కొసన ఇంకొకటి. తల వైపు రంధ్రం 9 దాటాక మూసుకుపోతుంది, తోక వైపుది 10 దాటాకే, అంటే 30 సోమైట్ల దగ్గర. దాని కింద తోక భాగంలో మడత ఉండదు, కణాలు ముందు ముద్దగా చేరి తర్వాత లోపల ఖాళీ ఏర్పడుతుంది. కాబట్టి 9.5వ రోజు పిండంలో తోక దగ్గర తెరిచి కనిపిస్తే అది లోపం కాదు, 11.5కి కూడా తెరిచే ఉంటే లోపమే. మ్యూటెంట్లతో (జీన్ మార్పు ఉన్న ఎలుకలతో) పనిచేసేవాళ్లు ఈ ఒక్క తేడా దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. పోల్చే కంట్రోల్ (మార్పు లేని మామూలు పిండం) అదే తల్లి పిండమై ఉండాలి, సోమైట్ల సంఖ్య కూడా అదే అయి ఉండాలి.

ఈ పని ఎందుకు ముఖ్యమో తెలియాలంటే రెండు రకాల మౌస్‌లు చాలు. పాక్స్3 జీన్ దెబ్బతిన్న స్ప్లాచ్ మౌస్‌లో వెన్ను తెరుచుకుని ఉంటుంది, కొన్నింట్లో మెదడు కూడా. ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) ఇస్తే ఆ లోపాలు తగ్గుతాయి. కర్లీ టెయిల్ మౌస్‌లో ఫోలిక్ యాసిడ్ పనిచేయదు, ఇనోసిటాల్ (చక్కెర లాంటి ఒక పదార్థం) పనిచేస్తుంది. మనుషుల్లో 1991లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అదే జరిగే ప్రమాదం 72 శాతం తగ్గింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో కృత్రిమంగా తయారుచేసిన, లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీ బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ సంగతి మన పిల్లలకి ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు.

వెన్నుపాము చూడాలంటే 9.5 నుంచి 12.5 మధ్య రోజులు ఎంచుకోండి. పొట్ట వైపున్న నోటోకార్డ్ (గొట్టం కింద ఉండే కడ్డీ లాంటి కణజాలం), ఫ్లోర్ ప్లేట్ (గొట్టం అడుగు భాగం) సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ వదులుతాయి, వీపు వైపు నుంచి బీఎంపీలు అనే ప్రోటీన్లు వస్తాయి. ఏది ఎంత అందిందన్న దాన్ని బట్టి కణం ఏ రకం న్యూరాన్ కావాలో తేలుతుంది. కండరాల్ని కదిలించే మోటార్ న్యూరాన్లు ముందు పుడతాయి, హెచ్‌బీ9, ఐలెట్1 అనే ప్రోటీన్లకి వేసే స్టెయిన్‌లతో వాటిని పట్టుకోవచ్చు. మెడ భాగం ముందుంటుంది, నడుము భాగం వెనకబడి ఉంటుంది, కాబట్టి ఒక పిండంలో ముందు కాలి దగ్గర కోసిన సెక్షన్‌ని (పలుచటి ముక్కని) ఇంకో పిండంలో వెనక కాలి దగ్గర కోసినదాంతో పోలిస్తే ఆ ఫలితానికి అర్థం లేదు. విభజన చెందే కణాలు గొట్టం లోపలి ఖాళీ అంచునే వరుసగా కనిపిస్తాయి. అవి ఆ అంచుని వదిలి చెల్లాచెదురుగా ఉంటే ముందు సెక్షన్ ఏటవాలుగా కోశారేమో చూడండి.

కార్టెక్స్‌కి (మెదడు పైభాగాన్ని కప్పే, పొరలుగా ఉండే భాగానికి) రోజులు వేరు. న్యూరాన్లు సుమారు 11 నుంచి 17వ రోజు దాకా పుడతాయి, లోతు పొరలు ముందు, పై పొరలు తర్వాత. 1961లో యాంజెవిన్, సిడ్‌మన్ రేడియోధార్మిక థైమిడిన్‌తో (కొత్తగా తయారయ్యే డీఎన్‌ఏలో చేరే పదార్థం) చిట్టెలుకలోనే ఇది చూపించారు. ఇప్పుడు తల్లికి ఈడీయూ (అలాగే డీఎన్‌ఏలో చేరి, తర్వాత వెలిగేలా చేయగల గుర్తు) ఇంజెక్షన్ ఇస్తే చాలు. 12.5న ఇస్తే ఎక్కువగా ఆరో పొర, 13.5కి ఐదోది, 14.5కి నాలుగోది, 15.5 తర్వాత రెండు, మూడు పొరలు వెలుగుతాయి. పిల్లలు పుట్టి వారం గడిచాక మెదడు తీయండి, ముందే తీస్తే పై పొరల న్యూరాన్లు ఇంకా దారిలోనే ఉండొచ్చు. రీలర్ మౌస్‌లో ఈ వరుస దెబ్బతింటుంది, రీలిన్ ప్రోటీన్ లేకపోవడమే కారణం.

సెరిబెల్లమ్ (చిన్న మెదడు) మీద పని అయితే పుట్టుకతో ఆగిపోకండి. అక్కడి న్యూరాన్లలో పర్కింజీ కణాలు 11 నుంచి 13వ రోజు మధ్యలోనే పుట్టేస్తాయి గానీ, గ్రాన్యూల్ కణాల్లో ఎక్కువ భాగం పుట్టిన తర్వాత రెండు వారాల్లో తయారవుతాయి. అందుకని ఎథిక్స్ దరఖాస్తులో పుట్టిన పిల్లల సంఖ్య కూడా మొదట్లోనే రాసుకోండి.