వీపుసంచితో జోర్డాన్: నెబో, పెట్రా, హారూన్ కొండ

జోర్డాన్ చిన్న దేశం. రాజధాని అమ్మాన్ నుంచి దక్షిణపు కొసన ఉన్న అకబా రేవు దాకా ఎడారి రహదారి మీద సుమారు నాలుగు గంటల ప్రయాణమే కనుక, దేశాన్ని నాలుగైదు రోజుల్లో చుట్టిరావచ్చని చాలామంది లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో ముందుగా కోతపడేవి కొండలు. అందుచేత కొండలకు రోజులు కేటాయించిన తరువాతనే తక్కినవాటిని సర్దుకోవడం మేలు. మార్చి నుంచి మే వరకు, మళ్ళీ సెప్టెంబరు చివర నుంచి నవంబరు వరకు నడకకు అనువైన కాలం. శుక్రవారం అక్కడ వారాంతపు సెలవు. ఆ రోజు బస్సులు బాగా తగ్గిపోతాయి కాబట్టి ఊరు మారే ప్రయాణం పెట్టుకోకూడదు.

బయలుదేరకముందే ఆన్‌లైన్‌లో జోర్డాన్ పాస్ (చూడదగ్గ చోట్లకు ఉమ్మడి ప్రవేశ టికెట్టు) కొనుక్కోవాలి. రాతిలో చెక్కిన ప్రాచీన నగరం పెట్రాలో ఎన్ని రోజులు గడుపుతారన్న దాన్ని బట్టి దాని ధర 70, 75, 80 దినార్లుగా ఉంటుంది. దేశంలో అడుగుపెట్టకముందే దీన్ని కొని, కనీసం మూడు రాత్రులు బస చేసేవారికి 40 దినార్ల వీసా రుసుము మినహాయిస్తారు. పెట్రా ఒక్కరోజు టికెట్టే 50 దినార్లు, దినారు విలువ నూరు రూపాయలకు పైమాటే కనుక, ఈ పాస్ లేకుండా వెళ్ళడం డబ్బు పారేసుకోవడమే. మూడు రోజుల పాసే తీసుకోండి. రెండు రోజుల దానితో తేడా అయిదు దినార్లే. పెట్రా దాటాక ఉన్న హారూన్ కొండకు ఒక పూర్తి రోజు దొరికేది దానితోనే.

మొదటి మజిలీ అమ్మాన్‌కు 30 కిలోమీటర్ల దూరంలోని మాదబా. అక్కడి సెయింట్ జార్జ్ చర్చి నేల మీద, రంగురాళ్ళతో కూర్చిన ఆరవ శతాబ్దపు పవిత్రభూమి పటం ఉంది. అక్కడినుంచి నెబో కొండకు టాక్సీ మాట్లాడుకోవాలి. వెళ్ళి, కాసేపు ఆగి, తిరిగి వచ్చేందుకు కలిపి బేరమాడితేనే గిట్టుబాటు. బైబిల్లోని ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయం చదివిన తెలుగు క్రైస్తవులకు ఈ పేరు కొత్త కాదు. మోషే వాగ్దాన దేశాన్ని చూసింది ఇక్కడినుంచే. కొండ ఎత్తు 700 మీటర్ల పైచిలుకే అయినా, ఎదురుగా మృత సముద్రం సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా దిగువన ఉండడంతో చూపు చాలా లోతుకు జారుతుంది. పొద్దున్నే వెళ్ళండి. ప్రవేశ రుసుము కొద్దిపాటిదే గానీ జోర్డాన్ పాస్ అక్కడ చెల్లదు.

అమ్మాన్ నుంచి పెట్రా పక్క ఊరైన వాదీ ముసాకు ఉదయం బయలుదేరే జెట్ కంపెనీ బస్సు ఉంది; నిండితే గానీ కదలని మినీబస్సులు చవక. వాదీ ముసాలో బస చేసి, మొదటి రోజు పెట్రా తలుపులు తెరిచే వేళకే లోపలికి వెళితే, సుమారు 1.2 కిలోమీటర్ల పొడవైన సిక్ అనే ఇరుకు కనుమను జనం లేకుండా దాటవచ్చు. నడుస్తూ గోడల వెంట చెక్కిన నీటి కాలువలను గమనించండి. వానల్లేని నేల మీద నబతీయులు అనే ప్రాచీన అరబ్బు జాతివారు ఇంత నగరాన్ని నిలబెట్టింది ఆ కాలువలతోనే. వాన సూచన ఉన్న రోజున మాత్రం సిక్‌లోకి దిగకండి. 1963లో ఆకస్మిక వరదకు ఇక్కడ ఇరవై మందికి పైగా యాత్రికులు చనిపోయారు. పెట్రాలో కొండరాతిని తొలిచి చేసిన పెద్ద కట్టడం అద్‌-దైర్‌కు ఎక్కే 800 పైచిలుకు మెట్లు రెండవ రోజు మధ్యాహ్నానికి ఉంచుకుంటే, ఆ కట్టడం ముఖాన ఎండ పడే వేళకు పైకి చేరతారు. గాడిద ఎక్కమని దారి పొడవునా అడుగుతారు. ఆ మెట్ల మీద వాటి అవస్థ చూస్తే ఎక్కబుద్ధి కాదు.

మూడవ రోజు హారూన్ కొండది. బైబిల్లోని సంఖ్యాకాండములో మోషే అన్న అహరోను (అరబీలో హారూన్) చనిపోయిన హోరు కొండ ఇదేనన్న నమ్మకం ఒకటవ శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ నాటికే ఉంది. హారూన్ ముస్లింలకూ ప్రవక్త కావడంతో, సుమారు 1350 మీటర్ల ఎత్తున, శిఖరం మీద 14వ శతాబ్దంలో కట్టిన తెల్లని గుమ్మటం ఇప్పటికీ దర్శన స్థలమే. ఖస్ర్‌ అల్‌-బింత్ అనే పెట్రా లోపలి పాత గుడి దాటాక నైరుతి దిక్కుగా సాగే బాటలో అంగళ్ళు ఉండవు, నీడ తక్కువ. అక్కడినుంచి రానుపోను అయిదారు గంటలు పడుతుంది కనుక, మనిషికి నాలుగు లీటర్ల నీరు, చీకటి పడకముందే తిరిగి వచ్చే లెక్క తప్పనిసరి. బాట చాలాచోట్ల చీలిపోతుంది. ఎడారి తెగవారైన స్థానిక బెదూయిన్ గైడును వెంటబెట్టుకోవడం మంచిది. గుమ్మటానికి తాళం వేసి ఉండే అవకాశముంది కాబట్టి తాళంచెవి సంగతి గైడుతో ముందే మాట్లాడండి. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు వేసుకోవాలి, చెప్పులు బయటే విడవాలి, ప్రార్థన చేసుకునేవారిని ఫొటో తీయకూడదు.

వాదీ ముసా నుంచి ఇసుక ఎడారి అయిన వాదీ రమ్‌కు మినీబస్సు తెల్లవారుజామునే వెళుతుంది. ముందురోజు హోటల్లో చెప్పి సీటు ఉంచుకోండి. అక్కడి బెదూయిన్ శిబిరంతో జీపు, భోజనం, నీరు, దుప్పట్లు ఏవేవి ధరలో కలిసి ఉన్నాయో వెళ్ళకముందే తేల్చుకోవాలి. ఇసుకలో పాతిన పొయ్యి మీద వండే జర్బ్‌లో మాంసం, కూరగాయలు కలిసే ఉడుకుతాయి. శాకాహారులు పొద్దునే చెప్పాలి. కాళ్ళలో ఇంకా సత్తువ ఉంటే దేశంలో కెల్లా ఎత్తైన 1854 మీటర్ల ఉమ్ అద్‌-దామీ మిగిలి ఉంది. దాని అడుగు దాకా జీపు వెళుతుంది, ఆపైన ఎక్కుడు అంత కష్టం కాదు. తిరుగు ప్రయాణానికి మళ్ళీ వాదీ ముసా రానక్కరలేదు. గంట దూరంలోని అకబాలో అమ్మాన్ బస్సులు దొరుకుతాయి.