పాత కారు ఒరిజినల్ పెయింట్‌కి పాలిష్ పెట్టే ముందు

ఎండలు ముదరకముందే కడిగి, వ్యాక్స్ పెట్టాలనుకునేవాళ్ళు ఇవి చూసుకోండి.

- రబ్బింగ్ కాంపౌండ్ (పెయింట్ పైపొరని అరగదీసే పేస్ట్), పాలిషింగ్ మెషీన్ ముందే తీయొద్దు. కంపెనీ పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లు. అరిగింది తిరిగి రాదు, మళ్ళీ పెయింట్ వేయిస్తే అది ఒరిజినల్ కాదు. మందం కొలిచే గేజ్ దొరికితే ప్రతి ప్యానెల్ మీదా పెట్టి చూడండి. పక్కవాటికంటే బాగా ఎక్కువ చూపిస్తే అక్కడ ఎప్పుడో రీపెయింట్ పడినట్టే.

- తెల్లగుడ్డకి కొంచెం పాలిష్ అద్ది, కనపడని మూలలో రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) లేనట్టు. అలాంటి పెయింట్‌ని చేత్తో, తేలికపాటి పాలిష్‌తో సరిపెట్టడమే నయం.

- బానెట్ అంచులు, డోర్ల మీద రేకు మడత తేలి కనపడే చోట్లకు మాస్కింగ్ టేప్ వేయండి. పెయింట్ పలచగా ఉండేది అక్కడే, ముందు లోహం బయటపడేదీ అక్కడే.

- పెయింట్ బుడగలు లేచినచోట ప్రెషర్ వాషర్ వద్దు. పెచ్చులుగా లేచిపోతుంది. అడుగున తుప్పుంటే ఏ పాలిషూ ఆపదు.

- పక్షి రెట్టని గోకొద్దు. తడిగుడ్డ కాసేపు కప్పి నాననిస్తే అదే వదులుతుంది.

- నేల మీద పడ్డ గుడ్డ పక్కన పెట్టేయండి. దులిపినా ఇసుక పోదు.

- దుమ్ము మీదే కవర్ కప్పొద్దు. గాలికి కదిలినప్పుడల్లా గీతలే.