బొజ్జ కొలిచేటప్పుడు పాంట్ సైజు చెప్పకుండ్రి

బరువు మిషన్ ఎక్కంగనే 62 కిలోలు చూపిస్తే నాకేం ఫికర్ లేదు అనుకునేటోళ్లు మన నల్లగొండ, పాలమూరు దిక్కు మస్తుమంది, కాళ్లు చేతులు సన్నగ ఉంటయి, మీదికెళ్లి అంగి తొడిగితే బొజ్జ కూడా కనపడది. కానీ షుగర్, గుండె సంగతికొస్తే కొవ్వు ఎంత ఉందనే దానికన్నా యాడ ఉందనేదే పెద్ద లెక్క. తొడలు, పిర్రల కాడ తోలు కింద ఉండేదానితోని అంత పరేషాన్ లేదు, పొట్ట లోపల పేగుల చుట్టూ, లివర్ల పేరుకునేదే ఇన్సులిన్‌ను సక్కగ పనిచెయ్యనియ్యది, బీపీ, ట్రైగ్లిజరైడ్స్ (నెత్తుట్ల ఉండే ఒక తీరు కొవ్వు) దాని ఎంబడే వస్తయి.

పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వాళ్ల ఫోటోనే వేసుకున్నరు, ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 22.3, కానీ ఒంట్ల కొవ్వు చూస్తే మనాయనకు 21.2 శాతం, ఆయనకు 9.1.

కొలిచేదానికి టైలర్ టేపు చాలు. పొద్దుగాల తినకముందు, అంగి తీసి నిలబడి, పక్కల పొంటి చెయ్యి కిందికి జరుపుకుంట పోతే ఆఖరి పక్కటెముక తగుల్తది, ఇంకింత కిందికి పోతే తుంటి ఎముక పైఅంచు, ఆ రెండిటికి సరిగ్గ నడుమ టేపు పెట్టాలె. ఊపిరి మామూలుగ వదిలినంక చూడాలె, పొట్ట గుంజొద్దు (టేపు చూస్తే దానంతటదే లోపటికి పోతది, అందరిదీ అంతే). టేపు ఆనాలె గాని ఒత్తొద్దు, వెనక జారుతది కాబట్టి ఇంట్ల ఎవరినన్న పట్టుకోమనుండ్రి.

నా పాంట్ సైజు 34 కదా అంటే నడువది, బొజ్జ వచ్చినోళ్లు బెల్టు దాని కిందికి పెట్టుకుంటరు, సైజు ఏండ్లకేండ్లు మారది, బొజ్జ మాత్రం ముందటికొస్తనే ఉంటది. మొలతాడు గూడ గంతే, కిందికి జారి కూసుంటది.

మన దేశపోళ్లకు గీత మొగోళ్లకైతే 90 సెంటీమీటర్లు, అంటే 35 ఇంచుల మీద కొంచెం, ఆడోళ్లకు 80, అంటే 31న్నర. నెట్‌ల 102, 88 అని కనపడితే ఖుషీ అయిపోకుండ్రి, అవి తెల్లోళ్లకు పెట్టినయి, మనకు తక్కువ బొజ్జకే షుగర్ వస్తది. బీఎంఐ గూడ అట్లనే, మనకు 23 కాడికెళ్లే ఎక్కువ బరువు లెక్క.

అంకెలు యాదికుండకపోతే ఒక దారం తీసుకోండ్రి, మీ ఎత్తంత కొలిచి సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పుండ్రి, కొసలు కలవకపోతే నడుము ఎత్తుల సగం దాటినట్టు. ఈ లెక్కలన్నిట్ల నాకు ఇదే మంచిగ అనిపిస్తది, పొట్టోళ్లకు పొడుగోళ్లకు ఒకటే గీత పెట్టుడు ఏం న్యాయం? 5 అడుగుల 6 ఇంచుల మనిషికి 33 ఇంచులు దాటొద్దు, మనం చెప్పిన 62 కిలోలాయనది గదే ఎత్తు అనుకోండ్రి, బీఎంఐ 22 వచ్చి బాగనే కనపడ్తది, నడుము 37 ఉంటే మాత్రం దాటిపోయిండు. పిర్రలు ఎక్కువ వెడల్పున్న కాడ కొలిచి నడుమును దానితోని భాగిస్తరు కూడా, మొగోళ్లకు 0.90, ఆడోళ్లకు 0.85 వచ్చినా, దాటినా మంచిది కాదు.

గీత దాటితే రోగమొచ్చినట్టు కాదు, పరగడుపున షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవాలె. 30 దాటినోళ్లకు ఆశా వర్కర్ షుగర్, బీపీ లాంటి రోగాల ముప్పు చూసే ఫారం నింపేటప్పుడు నడుము కొలత గూడ అడుగుతది, అప్పుడు గూడ పాంట్ సైజు చెప్పకుండ్రి. కడుపుతోని ఉన్నోళ్లకు, కడుపుల నీరు చేరినోళ్లకు ఈ లెక్కలు పనికిరావు.