ఫోన్ రివ్యూ అప్‌లోడ్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

వైజాగ్‌లో రివ్యూలు చేసేవాళ్లకి కెమెరా టెస్ట్ అంటే ఆర్కే బీచే. వెళ్లండి, కానీ డబ్బా మీద ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని పరీక్షించి ఇచ్చే రేటింగ్) అని ఉంది కదా అని ఫోన్‌ని అలల్లో ముంచి "చూశారా, ఏం కాలేదు" అనకండి. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీళ్లలో కాదు. నేనూ ఒకసారి ముంచి గొప్పగా వీడియో పెట్టేశాను, నాలుగో రోజుకి ఛార్జింగ్ పోర్టులో పచ్చగా చిలుము పట్టింది, ఈలోగా చూడాల్సినవాళ్లంతా చూసేశారు.

ఎన్ని రోజులు వాడారో మొదట్లోనే చెప్పండి. రెండు రోజులకే బ్యాటరీ సూపర్ అంటే ఎలా?

ఫోన్ కొన్నదా, కంపెనీ పంపిందా, తిరిగి ఇచ్చేయాలా అన్నది నోటితో చెప్పాలి, డిస్క్రిప్షన్ అడుగున దాచడం కాదు. డబ్బు తీసుకుంటే యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ టిక్కు పెట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి ప్రచారం చేసినవాళ్లకి కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు, తెలియని వాళ్లు చాలామందే ఉన్నారు.

థంబ్‌నెయిల్ ఇంట్లో ఒకరికి చూపించి లోపల ఏముంటుందో అడగండి. "కొంటే మునిగిపోతారు" అని రాసి లోపల ఛార్జర్ ఇవ్వలేదని ఏడిస్తే, మా అమ్మయితే "ఇంతేనా?" అంటుంది.

ధర చెప్పేముందు జగదాంబ సెంటర్‌లో ఏదైనా షాపులో కనుక్కోండి, బ్యాంక్ ఆఫర్‌తో తగ్గిన ధర అందరికీ రాదు.