ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్ అమర్చుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

1919లో సంగీత కళాశాల వెలసిన విజయనగరంలో ఇంటి దగ్గరే వీణనో వయొలిన్‌నో రికార్డు చేసుకోదలచినవారు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌ను, అంటే మైకు, వాద్యాల ధ్వనిని కంప్యూటరుకు అందించే పెట్టెను, తగిలించే ముందు ఈ సంగతులు చూసుకోవాలి.

విండోస్ కంప్యూటరైతే తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవరును (ధ్వని ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేరును) ముందుగా ఎక్కించి, పరికరాన్ని యూఎస్‌బీ హబ్బుకు కాక నేరుగా కంప్యూటరుకే కలపాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ నుంచి తీగ ద్వారా మైకుకు అందే విద్యుత్తు) మీద ఉండాలి. కండెన్సర్ మైకు సాధారణంగా అది లేనిదే పనిచేయదు, కానీ పాత రిబ్బన్ మైకు దానివల్ల పాడైపోవచ్చు. అందుచేత ఏ మైకునైనా బిగించేటప్పుడు, విప్పేటప్పుడు ఆ మీటను ఆపి, గెయిన్‌ను (లోపలికి వచ్చే ధ్వనిని పెంచే మోతాదును) పూర్తిగా తగ్గించి, హెడ్‌ఫోన్లను చెవుల నుంచి తీసి ఉంచడం తప్పనిసరి.

బొబ్బిలి వీణకు కాంటాక్ట్ పికప్ (వాద్యం కంపనాలను నేరుగా పట్టే చిన్న పరికరం) అతికించేవారు దాని తీగను ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కే కలపాలి. లైన్ ఇన్‌పుట్‌లో పెడితే నాదం పలచబడి, వీణకు ప్రాణమైన గమకం వెలవెలపోతుంది.

రికార్డింగుకు 24 బిట్ల నాణ్యతను ఎంచుకొని, కచేరీలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయించి చూసి, మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య నిలిచేలా గెయిన్ సరిచేయాలి. స్థాయి మితిమీరి ఒకసారి చిట్లిన ధ్వనిని తరువాత పూర్తిగా బాగుచేయడం సాధ్యం కాదు.

వాయించింది ఆలస్యంగా వినిపిస్తే డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటరు దాకా వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే వినడం) వాడాలి, లేదా బఫర్‌ను (కంప్యూటరు ఒక్కో విడతలో తీసుకునే ధ్వని పరిమాణాన్ని) 128 శాంపిళ్లకు తగ్గించాలి.

గుయ్యిమనే హోరు వస్తే లాప్‌టాప్ ఛార్జరును తీసి చూడాలి. వేసవిలో కష్టమే అయినా, రికార్డు చేసేంతసేపూ ఫ్యాను ఆపవలసిందే.