జర్నల్ ఆఫ్ ఫిజికల్ కెమిస్ట్రీకి పేపర్ పంపే విధానం

నలభై వేలు కడితే మూడు వారాల్లో పేపర్ అచ్చు వేయిస్తామని ఎవరో చెప్పారట. కట్టమంటారా అని ఒక పరిశోధక విద్యార్థి ఫోను చేశాడు. వద్దన్నాను. చదివేవారు చందా కట్టే పద్ధతిలో వచ్చే పేపర్‌కు ఈ పత్రిక రచయిత దగ్గర పైసా తీసుకోదు. అందరూ ఉచితంగా చదివేలా పెట్టాలని మీరు ఎంచుకుంటేనే రుసుము. అది కూడా ప్రచురించే అమెరికన్ కెమికల్ సొసైటీకే చెల్లించాలి.

1896లో మొదలైన ఈ పత్రిక 1997లో ఎ, బి అనే రెండు పత్రికలుగా విడిపోయింది. 2007లో సి వచ్చింది. అణువులు, వర్ణపటాలు, వాయుస్థితి చర్యలు ఎలో. ద్రవాలు, జీవాణువులు బిలో. ఉపరితలాలు, నానో పదార్థాలు సిలో. మీ పేపర్ వీటిలో దేనికి చెందుతుందో ముందు తేల్చుకోండి.

సొసైటీ వెబ్‌సైట్‌లో ఖాతా, ఓర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు) సంఖ్య, పేపర్ ఫైలు, అనుబంధ సమాచారం, సారాంశ చిత్రం: వీటికి ఒక పూట చాలు.

చాలామంది ఆగిపోయేది పేపర్‌తో పాటు ఎడిటర్‌కు రాసే కవర్ లెటర్ దగ్గర. సెలవు చీటీలా ‘దయచేసి పరిశీలించగలరు’ అని రెండు వాక్యాలు రాసి పంపుతారు. ఎడిటర్ వెతికేది వినయాన్ని కాదు, ఈ పని వల్ల కొత్తగా ఏమి అర్థమైందన్న జవాబును. రెండు ద్రావణుల మిశ్రమానికి అయిదు ఉష్ణోగ్రతల దగ్గర సాంద్రత, స్నిగ్ధత (చిక్కదనం) కొలిచారనుకుందాం. మన ప్రయోగశాలల్లో ఇది నిత్యకృత్యం. అంకెలు ఎంత నిక్కచ్చిగా ఉన్నా అంతటితో సరిపోదు. స్నిగ్ధత ఒకచోట ఎందుకు పెరిగింది, హైడ్రోజన్ బంధాలు ఎలా మారాయి, దానికి వర్ణపట సాక్ష్యం ఏమిటి? ఇది చెప్పగలిగితే లేఖలో మొదటి వాక్యం అదే కావాలి. చెప్పలేకపోతే లోపం లేఖది కాదు. ఇతర శాస్త్రవేత్తల సమీక్షకు వెళ్లకుండానే పేపర్ తిరిగి రావచ్చు. అలా వెనక్కి రావడం పేరున్న ప్రొఫెసర్లకూ మామూలే.

సమీక్షకుల పేర్లు సూచించేటప్పుడు వారి సంస్థ ఇచ్చిన ఈమెయిల్ చిరునామాలే రాయండి. మీ గైడునో, ఈ మధ్య మీతో కలిసి పేపర్ రాసినవారినో సూచించకండి. డబ్బు తీసుకుని అచ్చు వేయిస్తామనే దళారులు సమీక్షకుల పేరిట దొంగ చిరునామాలు సృష్టిస్తారు. అది బయటపడితే అచ్చయిన పేపర్‌ను కూడా ఉపసంహరిస్తారు. అప్పుడు మచ్చ పడేది మీ పేరు మీదే. పనిలో పాలు లేనివారి పేరును రచయితగా చేర్చమన్నా ఒప్పుకోకండి.

ఇంకొక్క మాట. ఎడిటర్ నిర్ణయం వచ్చేది పత్రికతో సంప్రదింపులు జరిపే రచయిత (కరెస్పాండింగ్ ఆథర్) ఈమెయిల్‌కే. ఆ గడిలో మీదో గైడుదో చిరునామా ఉందా లేదా అన్నది పంపే ముందు మీ కళ్లతో చూసుకోండి.